తేదీకి మొహమాటం ఎక్కువ

ఎక్సెల్‌లో మాక్రోలు రాసేవాళ్లకు ఆగిపోయిన ప్రోగ్రామ్ పెద్ద సమస్య కాదు. ఎర్రర్ వస్తుంది, ఆగిన వరుస మీద పసుపు రంగు పడుతుంది, సరిచేసుకుంటాం. భయపడాల్సింది తేదీల దగ్గర. అక్కడ ఏదీ ఆగదు.

విండోస్ అమెరికా సెట్టింగుల్లో ఉన్న కంప్యూటర్ తీసుకోండి. అక్కడ ముందు నెల, తర్వాత రోజు. మాక్రోలు రాసే భాష వీబీఏకు 13/05/2024 అనే అక్షరాలిచ్చి, సీడేట్ ఫంక్షన్‌తో తేదీగా మార్చమనండి. పదమూడో నెల లేదని పేచీ పెట్టదు. మే 13 అయ్యుంటుందిలే అని తనే సర్దుకుంటుంది. దాని కింది వరుసలోని 12/05/2024ను మాత్రం నిక్షేపంగా డిసెంబరు 5 చేసేస్తుంది. ఒకే గుమాస్తా టైపు చేసిన ఒకే జాబితాలో పన్నెండో తేదీ దాకా రోజూ నెలా తారుమారు, పదమూడు నుంచి అంతా సవ్యం. కూరలో ఉప్పెక్కువైందని చెప్పలేక మొహమాటంతో తినేసే చుట్టంలాంటిది ఈ భాష. తిన్నాడు కదా, కూర బాగానే ఉందనుకుంటాం.

అదే జాబితా సీఎస్‌వీ ఫైలుగా వస్తే, నేరుగా ఎక్సెల్‌లో తెరిచినప్పుడు 13/05 తేదీగా మారదు. ఉత్త అక్షరాలుగా సెల్‌లో ఎడమ అంచుకు అతుక్కుని ఉంటుంది. తేదీగా మారినవి కుడి అంచున ఉంటాయి. నాకిదే నయమనిపిస్తుంది. కొన్ని ఎడమకీ కొన్ని కుడికీ చెదిరిన కాలమ్ చూడగానే చెయ్యి ఆగుతుంది.

కోడ్‌లో నేరుగా రాసే తేదీల సంగతి వేరు. రెండు హ్యాష్ గుర్తుల మధ్య రాసిన తేదీకి వీబీఏ ఎప్పుడూ అమెరికా వరసే వాడుతుంది, మీ విండోస్ ఇండియా సెట్టింగుల్లో ఉన్నా సరే. అందుకే నేను డేట్‌సీరియల్ ఫంక్షన్ తప్ప ఇంకేదీ వాడను. సంవత్సరం, నెల, రోజు విడివిడిగా ఇస్తాం కాబట్టి ఊహించుకునే అవకాశం దానికి ఉండదు.

లోపల తేదీ అంటే ఒక సంఖ్యే. పూర్ణాంకం రోజులు, దశాంశం పూట. సగం అంటే మిట్టమధ్యాహ్నం. 1956 నవంబరు 1 అంటే 20760. 2014 జూన్ 2 అంటే 41792. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన నాటి నుంచి తెలంగాణ వచ్చేదాకా 21032 రోజులు. ఇంత సులువు మరే పద్ధతిలోనూ లేదు, ఒప్పుకోవాలి.

ఈ సంఖ్యల మొదట్లో మాత్రం ఒక మచ్చ ఉంది. ఎక్సెల్‌లో 60 అంటే 1900 ఫిబ్రవరి 29. అలాంటి రోజే లేదు. 1900 లీపు సంవత్సరం కాదు. అంతకుముందు రాజ్యమేలిన స్ప్రెడ్‌షీట్ లోటస్ 1-2-3 దాన్ని లీపుగా లెక్కగట్టింది. ఆ ఫైళ్లు చెడకూడదని ఎక్సెల్ ఆ తప్పును తెలిసే తెచ్చుకుంది. వీబీఏ దాన్ని నెత్తికెత్తుకోకుండా సున్నాను 1899 డిసెంబరు 30న పెట్టుకుంది. దాంతో 1900 మార్చి 1 నుంచి రెండిటి సంఖ్యలూ కలుస్తాయి, అంతకుముందు ఒక రోజు తేడా. అసలు 1900కు ముందు తేదీలు ఎక్సెల్ సెల్‌లో తేదీలుగా నిలవవు. కందుకూరి వీరేశలింగం పుట్టిన 1848 ఏప్రిల్ 16 అక్కడ ఉత్త అక్షరాలే. వీబీఏ దాన్ని తేదీగానే మోస్తుంది.

చోటు సంగతి కూడా ఒక మాట. ఈ తేదీ సంఖ్యకు తాను ఏ ఊరిదో తెలియదు. కాకినాడ దగ్గర్లోంచి పోయే 82.5 డిగ్రీల రేఖాంశం మీద దేశమంతా ఒకే గడియారం నడుపుతున్నాం కాబట్టి మనకిది పట్టదు. అమెరికా తెలుగువాళ్లకు పడుతుంది. సూర్యోదయం ఊరిని బట్టి మారుతుందని వాళ్లు తమ నగరానికి గణించిన పంచాంగమే చూసుకుంటారు. ఆ జాగ్రత్త వీబీఏలో లేదు. ‘నౌ’ అని అడిగితే ఎదురుగా ఉన్న కంప్యూటర్ గడియారం చూసి చెబుతుంది, అంతే.

అసలు చిక్కు నెలలతో. జనవరి 31కి ఒక నెల కలిపితే ఎంత? డేట్‌యాడ్ ఫంక్షన్‌ను అడిగితే 2024లో ఫిబ్రవరి 29 అంటుంది. నెల దాటనివ్వదు. డేట్‌సీరియల్‌కు ఫిబ్రవరి 31 ఇస్తే మిగిలిన రెండు రోజులూ ముందుకు నెట్టి మార్చి 2 అంటుంది. ఒకే భాషలో రెండు న్యాయాలు. ఏదీ తప్పు కాదు. పైగా డేట్‌యాడ్ ఇచ్చిన ఫిబ్రవరి 29కి ఇంకో నెల కలిపారో, మార్చి 29 వస్తుంది. 31న మొదలైన కిస్తీ అక్కడి నుంచి 29కే పడిపోతుంది. ప్రతి గడువునూ మొదటి తేదీ నుంచే లెక్కగట్టడం ఒక్కటే దారి.

రెండు తేదీల మధ్య తేడా చెప్పే డేట్‌డిఫ్ ఇంకో రకం. డిసెంబరు 31కీ మర్నాటికీ మధ్య ఎన్నేళ్లని అడిగితే ఒకటి అంటుంది. అది గడిచిన కాలాన్ని కొలవదు, దాటిన గడపల్ని లెక్కపెడుతుంది. దాన్ని నమ్మి వయసు కడితే ఒక్కరోజు బిడ్డకు ఏడాది నిండుతుంది. ఉద్యోగుల సర్వీసు, పదవీ విరమణ ఇలా కట్టిన షీట్లు ఎన్ని తిరుగుతున్నాయో తలుచుకుంటేనే దడ. పుట్టినరోజు ఈ ఏడు వచ్చిందా లేదా అని చూసి, రాకపోతే ఒకటి తీసెయ్యాలి. రెండు వరుసల పని, ఎవరూ చెయ్యరు.

ఆమధ్య ఒక సంస్థకు నెలవారీ కిస్తీల మాక్రో రాస్తూ, 31న అప్పు తీసుకున్నవాళ్లకు ఫిబ్రవరి గడువు నెలాఖరా, మార్చి మొదటివారమా అని అక్కడి మేనేజర్‌గారిని అడిగాను. వడ్డీ మారుతుంది మరి. ఆయన కాస్త ఆలోచించి, ‘‘సిస్టమ్ ఎలా చేస్తే అలాగే కానివ్వండి సార్’’ అన్నారు. ఆ సిస్టమ్ రాస్తున్నది నేనేనని ఆయనకు గుర్తుచేయాల్సి వచ్చింది.