ఎడ్డీ నోటికి తాళం లేదు

కామెడీకి సీక్వెల్ తీసేవాళ్లకు ఓ బలహీనత ఉంటుంది. మొదటి భాగం ఆడేసింది కదా, ఈసారి నాలుగు మంచి మాటలు కూడా చెబుదాం అనుకుంటారు. చెప్పడం మొదలెట్టగానే నవ్వు కాస్తా జారుకుంటుంది. ఈ కోరిక మనకూ తెలిసిందే. 2007లో 'శంకర్ దాదా జిందాబాద్' ఏకంగా గాంధీగారినే తెచ్చి హీరో పక్కన కూర్చోబెట్టింది. అమెరికాలో ర్యాపర్లు హీరోలుగా వచ్చిన కామెడీలకూ ఇదే తంటా. కొన్ని గట్టెక్కాయి, కొన్ని ఎక్కలేదు.

1990లో రెజినాల్డ్ హడ్లిన్ తీసిన 'హౌస్ పార్టీ'లో ర్యాపర్ల జంట కిడ్ ఎన్ ప్లే పని ఒకటే, రాత్రికి పార్టీకి చేరడం. మరుసటి ఏడాది వచ్చిన రెండో భాగంలో కిడ్ కాలేజీకి వెళ్తాడు. ఫీజు డబ్బు చర్చిలో జనం తలా కొంత వేసి పోగుచేసింది. దాన్ని ప్లే పాటల కాంట్రాక్టు ఆశకు పోయి మోసగాళ్ల చేతిలో పెడతాడు. ఇక మిగిలిన దారి? క్యాంపస్‌లో పైజామా పార్టీ పెట్టి ఫీజు రాబట్టడం! చదువు గొప్పదని ఎవరూ ఉపన్యసించనక్కర్లేదు. అది ఎవరి డబ్బో ప్రేక్షకుడికి తెలుసు కాబట్టి, డ్యాన్సు చూస్తున్నా మనసు ఫీజు మీదే ఉంటుంది.

ర్యాపర్ ఐస్ క్యూబ్ హీరోగా వచ్చిన 'ఫ్రైడే' (1995)లో తండ్రి కొడుకుతో తుపాకీ వదిలి చేతులతో తేల్చుకోమంటాడు. ఆ బరువు తర్వాతి రెండు 'ఫ్రైడే'ల్లో లేదు. నవ్వులకు మాత్రం లోటు లేదు.

అదే ఐస్ క్యూబ్ షికాగో సౌత్ సైడ్‌లో సెలూన్ యజమాని కాల్విన్‌గా చేసిన 'బార్బర్‌షాప్' (2002) దగ్గర కథ మారుతుంది. ఆ షాపులో ఎడ్డీ అనే పెద్దాయన ఉంటాడు. కత్తెర పట్టేది తక్కువ, నోరు చేసేది ఎక్కువ. సెడ్రిక్ ది ఎంటర్‌టైనర్ వేసిన ఆ పాత్ర నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడిన రోజా పార్క్స్‌నీ మార్టిన్ లూథర్ కింగ్‌నీ వదల్లేదు. హక్కుల నాయకుడు జెస్సీ జాక్సన్ మండిపడి క్షమాపణ అడిగారు, ఆ మాటలు తీసేయమన్నారు. 2003లో సెడ్రిక్ వ్యాఖ్యాతగా, నల్లవాళ్ల హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ జరిపిన ఇమేజ్ అవార్డుల సభకు రోజా పార్క్స్ వెళ్లలేదు.

గొడవ చేసినవాళ్లు పట్టించుకోని విషయం ఒకటుంది. ఎడ్డీ అన్న ప్రతి మాటకీ షాపులో మిగతావాళ్లు అక్కడికక్కడే విరుచుకుపడతారు. రచయితల కిటుకంతా అందులోనే ఉంది. మంచి మాట ముందు రాదు, వెటకారానికి జవాబుగా వస్తుంది. అందుకే అది నీతిబోధలా వినిపించదు. రెండేళ్ల తర్వాత వచ్చిన 'బార్బర్‌షాప్ 2' ఎడ్డీ గతం చూపించింది. 1968లో కింగ్ హత్య తర్వాత రేగిన అల్లర్లలో ఆ షాపు తగలబడకుండా అడ్డుగా నిలబడింది ఈ నోటిదురుసు మనిషే. దాంతో మొదటి భాగంలోని వెక్కిరింతకు అర్థమే మారిపోయింది. రెండో భాగానికి ఇంతకన్నా మంచి పని మరొకటి ఉండదు. అయితే అదే సినిమా ఎదురుగా పెద్ద షాపు దిగడం, పాత పేట రూపుమారడం గురించి కాల్విన్ చేత ప్రసంగం ఇప్పించినప్పుడు చతికిలబడింది. అంతసేపూ ఎదురుమాట్లాడిన జనం ఆ ఒక్క చోట నోరుమూసుకుని వింటారు మరి!

2016లో మాల్కమ్ డి. లీ తీసిన మూడో భాగం 'ది నెక్స్ట్ కట్' ఎత్తుకున్నది షికాగో తుపాకుల గోల. చచ్చేవాళ్లు కుర్రాళ్లే. దీంట్లో హాస్యం ఎక్కడ దొరుకుతుంది? షాపువాళ్లు 48 గంటలపాటు ఉచితంగా కటింగ్ చేస్తామంటారు, ఆ రెండు రోజులూ తుపాకులు పక్కన పెట్టమంటారు. సందేశమూ కామెడీ సీనూ ఒకటే అయిపోయాయి. పైగా ఈసారి షాపులో ఆడవాళ్ల బ్యూటీ పార్లర్ కూడా కలిసింది, కాబట్టి మగవాళ్ల గొప్పలకు గిరాకీ తగ్గింది. ఉత్కర్ష్ అంబుడ్కర్ వేసిన రాజా అనే భారతీయ కుర్రాడు కూడా అక్కడే పనిచేస్తూ, ఒబామాను చూపించి నల్లవాళ్లకు ఇంతకన్నా మంచి రోజులేముంటాయంటాడు. ఇక చూసుకోండి, షాపంతా అతని మీద పడుతుంది.

మూడు భాగాలూ వరుసగా చూసేవాళ్లు రెండోదానిలో ఆ ప్రసంగం దగ్గర కాస్త ఓపిక పట్టాలి. మూడోదానిలో మాత్రం ఆడవాళ్ల వైపు కుర్చీల నుంచి వచ్చే మాటలు ఒక్కటీ వదులుకోకండి.