దమ్ములో గుర్రాల లెక్క

టెక్సాస్‌లో ఐదెకరాల స్థలంతో ఇల్లు కొనుక్కున్న మా మేనల్లుడికి ఏటీవీ అనే ఎగుడుదిగుడు నేలల బండి లేనిదే పొద్దు గడవదు. వెనక చిన్న ట్రాలీ తగిలించి కట్టెలు మోస్తాడు, కలుపు మందు కొడతాడు, కంకర దారి చదును చేస్తాడు. ఈమధ్య ఫోన్లో, "మావయ్యా, కరప దగ్గర మన చేలకీ తోటకీ ఇలాంటిదొకటి పడేస్తే పోలా? ఆ టిల్లరుతో కుస్తీ ఎందుకు?" అన్నాడు. అడగదగ్గ మాటే. జవాబు మాత్రం మన బురద దగ్గర మొదలెట్టాలి.

ఏటీవీ పుట్టింది సరదాకి. హోండా 1970లో మూడు చక్రాల బండిని అమెరికా మార్కెట్లోకి వదిలింది. అవి తరచూ బోల్తా పడటంతో 1988 నాటికి అక్కడ కొత్తవాటి అమ్మకం ఆగిపోయింది. ఈలోగా 1982లో సుజుకి నాలుగు చక్రాలది తెచ్చింది. తర్వాత పశువుల వెంట తిరిగే న్యూజిలాండ్ రైతు నుంచి అమెరికా పల్లెల దాకా అది పనిబండి అయిపోయింది. మన దేశంలో పొలారిస్ సంస్థ స్పోర్ట్స్‌మన్ 570ని ట్రాక్టరు కింద రిజిస్టరయ్యేలా తయారుచేసి అమ్మింది. అంటే ఏటీవీ మన రోడ్డెక్కడానికి ట్రాక్టరు వేషం కట్టాల్సి వచ్చిందన్నమాట.

వేషం సరే, పని మాటేమిటి? అమెరికాలో అమ్మే ఆ 570కి 44 హార్స్‌పవర్ ఉంటుంది. వినడానికి ఘనంగానే ఉంది. కానీ లాగుడు బలాన్ని తేల్చేది ఇంజిను కాదు, బండి బరువూ చక్రానికి నేల మీద దొరికే పట్టూ. గట్టి పొడినేల మీద బండి తన బరువులో దాదాపు సగం లాగగలదు. మూడొందల ఇరవై కిలోల బండికి అది నూట అరవై కిలోలు. నిలకడగా నడిచే ఒక జత ఎడ్ల లాగుడు వంద కిలోల దగ్గర ఉంటుంది. నలభై నాలుగు గుర్రాలు కలిసి రెండు ఎడ్లకు కాస్త మెరుగు, అంతే! అదీ పొడినేల మీద. మోకాలి లోతు దమ్ములో చక్రం తిరుగుతూ ఉంటుంది, బండి మాత్రం కదలదు.

ఇంకో చిక్కు వేగంతో. నాగలి గంటకి మూడు నాలుగు కిలోమీటర్ల నడక కోరుతుంది. ఏటీవీల్లో చాలావాటికి గేర్ల బదులు రబ్బరు బెల్టు ఉంటుంది. పెద్ద బరువు తగిలించి నత్తనడకన తోలితే బెల్టు జారుతుంది, వేడెక్కుతుంది, మాడుతుంది. పరుగెత్తడానికి పుట్టిన బండిని అరక దున్నమంటే అదే జరుగుతుంది.

మరి పదమూడు హార్స్‌పవర్ టిల్లరు అదే బురదలో ఎలా పోతోంది? అది లాగదు కాబట్టి. దాని వెనక తిరిగే రోటరీ కత్తులు మట్టిని తవ్వుతూనే బండిని ముందుకి నెడతాయి. చక్రానికి పట్టు చిక్కని చోట కత్తికి చిక్కుతుంది. చిన్న చిన్న వరి మడుల జపాన్ ఈ సంగతి మనకంటే ముందు పట్టుకుంది. బెంగళూరులో వీఎస్‌టీ 1967లో మిత్సుబిషి తోడ్పాటుతోనూ, కేరళలోని అత్తాణిలో కామ్కో 1973లో కుబోటా తోడ్పాటుతోనూ మొదలయ్యాయి. మా చేలో పదమూడు హార్స్‌పవర్ శక్తి టిల్లరు ఆ వంశానిదే.

తేలికబండికి ఇంకో గుణం ఉంది. దమ్ము కింద గట్టి పొర మిగలాలి, చేలో నీళ్లు నిలిచేది దానివల్లే. బరువైన ట్రాక్టరు తడినేలలో పదేపదే దిగబడితే ఆ పొర చెదిరి, ఏటికేడాది బురద లోతవుతుంది. సార్వాకీ దాళ్వాకీ తడిసే మా కాలవ శివారు చేలల్లో ఇది చిన్న విషయం కాదు.

అలాగని టిల్లరు తోలడం సుఖమని కాదు. రోజంతా దాని వెనక బురదలో నడవాలి, చేతులు అదిరిపోతాయి. పైగా దానికో పెంకితనం ఉంది. మాకు టిల్లరు తోలే కుర్రాడు మొదట్లోనే చెప్పాడు: "మాస్టారండీ, గట్టు దిగేటప్పుడు ఇది మాటినదండి. ఎడం క్లచ్చి నొక్కితే కుడికెళ్లిపోద్దండి." నిజమే. సమతలంలో ఎడమ క్లచ్ నొక్కితే ఎడమ చక్రానికి తోపు తెగుతుంది, బండి ఎడమకి తిరుగుతుంది. పల్లంలో ఇంజిను చక్రాలను వెనక్కి బిగపట్టి ఉంచుతుంది. అక్కడ ఎడమ క్లచ్ నొక్కితే ఆ చక్రం వదులై జోరందుకుంటుంది, బండి కుడికి మళ్లుతుంది. కాలవ గట్టు మీద ఈ తేడా తెలియనివాడు నేరుగా కాలవలోకే!

లాగే పనులు మనకీ లేకపోలేదు, కాకపోతే అవి పొడి పుంతల మీదివి. కొబ్బరి దింపు తీసిన రోజున కాయలు రాశికి చేర్చాలి, మట్టలు గట్టున పడేయాలి, డొక్కలు కొట్టుకి తోలాలి. టిల్లరుకి కత్తులు విప్పి ట్రక్కు తగిలిస్తే టన్నుకి పైగా నింపాదిగా మోస్తుంది. చిన్న మోతలకైతే 1980లో టీవీఎస్ 50గా వచ్చిన మోపెడ్ వంశం ఉండనే ఉంది. రొయ్యల చెరువు గట్ల మీద మేత బస్తాలు మోసేది అదే. మన డెల్టా ఏటీవీ ఆ టీవీఎస్ ఎక్సెల్ బండేనని మా మేనల్లుడికి చెప్పాను.

పడిపోయిన కొబ్బరి మొద్దును ఈడ్చేటప్పుడు ఏటీవీకైనా ట్రాక్టరుకైనా ఒకటే సూత్రం. తాడు వెనక ఇరుసు కంటే కిందున్న కొక్కేనికే కట్టాలి. సీటుకో క్యారియరుకో కడితే మొద్దు కదలదు, ముందు చక్రాలు లేచి బండి తోలేవాడి మీదే పడుతుంది.

చివరిగా ఒక విన్నపం. 2022 జూన్ 7న గుంటూరులో యంత్ర సేవ పథకం కింద 3,800 ట్రాక్టర్లు, 320 వరికోత యంత్రాలు రైతు గ్రూపులు నడిపే అద్దె కేంద్రాలకు ఇచ్చారు. పెద్ద బండ్లు కావలసిందే. కానీ పెద్ద ట్రాక్టరు మలుపు తిరగలేని మడులూ, బోదెల మధ్య ఇరుక్కునే కొబ్బరితోటలూ మన వైపు ఎన్నో ఉన్నాయి. రెండెకరాల రైతు టిల్లరు కొంటే ఏడాదిలో ఎక్కువ రోజులు అది పాకలోనే ఉంటుంది. అద్దెకు దొరికితే అప్పు తప్పుతుంది. కాబట్టి ప్రతి అద్దె కేంద్రంలో ఒక టిల్లరు, దానికో ట్రక్కు, గట్టు దిగడం తెలిసిన ఒక మనిషిని ఉంచండి. మీ ఊరి గ్రూపులో మీరుంటే వచ్చే సార్వా దమ్ములకు ముందే ఈ మాట అడగండి.