పన్నెండు సిలిండర్లు ఎక్కడ పెట్టాలి?

1965 నవంబరులో టూరిన్ మోటారు ప్రదర్శనకు లంబోర్గిని వాళ్లు బాడీ లేని కారును పట్టుకొచ్చారు. మడిచి వెల్డింగ్ చేసిన ఉక్కు రేకు ఛాసిస్, బరువు తగ్గించడానికి దాని నిండా తొలిచిన రంధ్రాలు, సీట్ల వెనక అడ్డంగా కూర్చోబెట్టిన పన్నెండు సిలిండర్ల ఇంజన్. అంతే. ఆ ఛాసిస్‌ను చూసే కొందరు కారు కొంటామని ముందుకొచ్చారు. నాలుగు నెలలకు జెనీవాలో దానికి బాడీ వచ్చింది, మియురా అన్న పేరూ వచ్చింది. బెర్టోనే డిజైన్ సంస్థలో ఆ ఒంపులు గీసిన మార్చెల్లో గాండినికి అప్పుడు 27 ఏళ్లు. ఇంజనీర్లు దల్లారా, స్టాన్‌జానీ కూడా ముప్పై నిండనివాళ్లే. వయసులో ఉన్నవాళ్లు చేసిన కారని చూడగానే తెలిసిపోతుంది!

అంత పొడవైన ఇంజన్‌ను నిలువుగా పెట్టి, దాని వెనక గేర్‌బాక్స్ తగిలిస్తే కారు మరీ సాగిపోతుంది. అందుకని ఇంజన్‌ను అడ్డం తిప్పి, గేర్‌బాక్స్‌ను దానితో కలిపి ఒకే పోతలో పోశారు. బ్రిటిష్ మినీ కారు నేర్పిన పాఠమిది. గొప్ప పనితనమే, కానీ అందులోనే చిక్కు: రెండింటికీ ఒకే ఆయిల్. గేర్ల నుంచి రాలిన లోహపు రజను ఇంజన్ బేరింగుల దాకా పోగలదు. పెట్రోలు ట్యాంకు ముందు వైపు ఉండటంతో అది ఖాళీ అయ్యేకొద్దీ అతివేగంలో ముక్కు తేలిపోయేది. మియురా చివరి రూపమైన ఎస్‌వీ కార్లలో కొన్నిటికి ఆయిల్ విడదీశారు. వాటి కోసం సేకర్తలు అంతగా వెతకడానికి అదీ ఒక కారణం.

1968లో పారిస్‌లో ఫెరారీ చూపించిన 365 జీటీబీ/4, జనం నోట డేటోనా, ఇంజన్‌ను పాత పద్ధతిలో ముందే ఉంచింది. 365 అంటే ఒక్కో సిలిండర్ ఘనపరిమాణం, 4 అంటే నాలుగు క్యామ్‌షాఫ్టులు. మొత్తం 4,390 సీసీ, 352 హార్స్ పవర్. తొలి మియురాది 3,929 సీసీ, 350. అంకెల్లో తేడా ఇంతే. పైగా లంబోర్గిని ఇంజన్‌కు తొలి రూపమిచ్చిన ఇంజనీరు బిజ్జారీని అంతకుముందు ఫెరారీ మనిషే.

డేటోనా తెలివి కారు కింద ఉంది. ముందు ఇంజన్, వెనక గేర్‌బాక్స్, రెంటినీ కలుపుతూ ఒక దృఢమైన గొట్టం, లోపల తిరిగే ఇరుసు: అచ్చంగా కావడి. బరువు రెండు కొసలకూ సర్దుకుంటుంది. ఇంజన్ అడుగున ఆయిల్ తొట్టి లేని డ్రై సంప్ ఏర్పాటుతో ఇంజన్ కిందికి కూర్చుంది, బానెట్ పల్చబడింది. మోడెనాలో స్కాలియెట్టి పనివాళ్లు రూపం పోసిన బాడీ ఉక్కుది. తలుపులు, బానెట్, డిక్కీ మూత అల్యూమినియం. పక్కల వెంట సాగే లోతులేని గాడి మీద వెలుగు ఎక్కడా తెగకుండా జారుతుంది. పినిన్‌ఫరీనా డిజైన్ సంస్థలో ఈ కారును గీసిన ఫియోరవంతిదీ గాండినిలాగే 1938 పుట్టుకే.

ఇద్దరి చేతినీ పోల్చాలంటే తలుపు పిడి చాలు. గాండిని దాన్ని తలుపు వెనక అంచున ఉన్న నల్లటి పలకల్లో కలిపేశాడు, చెప్పకపోతే కనిపించదు. ఫియోరవంతి కిటికీ అంచు కిందే చిన్న మీటగా పెట్టాడు. మొదటిది కొంటెతనం, రెండోది పొదుపు. నాకు రెండోదే నచ్చుతుంది, వేలంపాటలు మాత్రం మియురానే ఎంతో పైన నిలబెడుతున్నాయి. కళ్లకు మియురాను మించింది లేదని నేనూ ఒప్పుకుంటాను. హెడ్‌లైట్ల చుట్టూ నల్లటి రెప్పలు, ఇంజన్ మీద అద్దానికి బదులు వాలుపలకలు. కానీ ఆ ఇంజన్ వేడి, రొద సీటు వెనకే. డేటోనా దూరప్రయాణాల కారు. నెమ్మదిగా తిప్పితే స్టీరింగ్ భుజాలకు పని చెబుతుంది, వేగం పుంజుకున్నాక తేలికవుతుంది.

డేటోనా కొనేవాళ్లకు ఒక మాట. పైకప్పు లేని స్పైడర్లు కంపెనీ చేసినవి చాలా తక్కువ. కూపేల కప్పు కోసి తయారు చేసినవి చాలా తిరుగుతున్నాయి, అందంగానూ ఉంటాయి. ఛాసిస్ నంబరు చూడకుండా ధర మాట్లాడకండి.

రెండు కార్ల తయారీ 1973లోనే ఆగింది. డేటోనా స్థానంలో వచ్చిన బెర్లినెట్టా బాక్సర్‌లో ఫెరారీ కూడా పన్నెండు సిలిండర్లను డ్రైవర్ వెనక్కే చేర్చింది. రెండు సీట్ల ఫెరారీల్లో అవి మళ్లీ బానెట్ కిందికి రావడానికి 1996లో 550 మారనెల్లో దాకా ఆగాల్సి వచ్చింది.