స్కోరు దాచలేని చోట

అమెరికాలో ఏబీసీ చానల్ పొద్దున్నే ఇచ్చే 'గుడ్ మార్నింగ్ అమెరికా' చూసేవాళ్లకు రాబిన్ రాబర్ట్స్‌ను పరిచయం చేయక్కర్లేదు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పిల్లల్ని బడికి తయారుచేస్తూ ఓ కన్ను టీవీ మీద వేసే మన తెలుగు అమ్మలకూ ఆ ముఖం తెలుసు. అధ్యక్షుణ్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ప్రశ్నలడిగిన ఆ యాంకర్ రాజకీయ బీట్ నుంచి రాలేదు, బాస్కెట్‌బాల్ కోర్టు నుంచి వచ్చారు.

మిసిసిపీ తీరంలోని పాస్ క్రిస్టియాన్ అనే చిన్న ఊళ్లో పెరిగారు. సౌత్‌ఈస్టర్న్ లూసియానా యూనివర్సిటీ జట్టులో ఆడి 1,446 పాయింట్లు, 1,034 రీబౌండ్లు సాధించారు. 1983లో చదువు ముగించి హాటీస్‌బర్గ్‌లోని స్థానిక చానల్లో గంటకు అయిదున్నర డాలర్ల జీతానికి స్పోర్ట్స్ యాంకర్‌గా చేరారు. తర్వాత బిలాక్సీ, నాష్‌విల్, అట్లాంటా. 1990లో ఈఎస్‌పీఎన్. ఏబీసీ ఉదయపు వార్తల్లో కో-యాంకర్ కుర్చీ 2005లో దక్కింది. అంటే ఇరవై ఏళ్లకు పైగా ఆటల డెస్కే ఆమె బడి.

న్యూస్ డెస్క్ మీద చాలా ఏళ్లు పనిచేసినవాడిగా ఆ బడి విలువ నాకు తెలుసు. లైవ్‌లో యాంకర్ కళ్లు ప్రాంప్టర్ మీద ఉంటాయి. ఇయర్‌పీస్‌లో ప్రొడ్యూసర్ 'రిపోర్టర్ ఇంకా లైన్లోకి రాలేదు, ఇంకో నిమిషం లాగండి' అంటుంటాడు. నోరు ఒక మాట చెబుతుంటే చెవి ఇంకో మాట వినాలి. సరిగ్గా అప్పుడే ప్రాంప్టర్ ఆగిపోతుంది. రాసిచ్చింది చదవడం మాత్రమే నేర్చుకున్నవాళ్లు ఆ నిమిషంలో ఏం చేస్తారో రోజూ టీవీలో చూస్తూనే ఉన్నాం. గొంతు పెంచుతారు, అన్నదే మళ్లీ మళ్లీ అంటారు. మరీ ఇబ్బందైతే తెలియనిది కూడా తెలిసినట్టు చెప్పేస్తారు.

ఆటల డెస్క్ మీద ఈ వేషాలు సాగవు. తర్వాతి బంతికి ఏమవుతుందో ఎవరూ ముందుగా రాసివ్వలేరు. పైగా ప్రేక్షకుడు కూడా అదే మ్యాచ్ చూస్తున్నాడు, స్కోరు తెర మీదే ఉంది. వికెట్ పడకుండా పడిందని చెబితే ఇంటింటా తిడతారు. కనిపించినంతే చెప్పడం, కనిపించనిదాని గురించి ఆగడం అక్కడ రోజువారీ అలవాటు. వార్తల స్టూడియోకు ఇవాళ అన్నిటికన్నా ఎక్కువ కావాల్సింది ఆ అలవాటే. వరదలో ఎంతమంది చనిపోయారో తేలకముందే అంకె చెప్పేసే తొందరకు అంతకన్నా మంచి మందు లేదు.

ఆమె రీబౌండ్ల లెక్క నాకు పాయింట్ల కన్నా ఎక్కువ చెబుతుంది. రీబౌండ్ అంటే బుట్టలో పడకుండా రింగుకు తగిలి వెనక్కొచ్చిన బంతిని ఒడిసిపట్టడం. ఇంటర్వ్యూలోనూ అంతే. అతిథి మొదటి ప్రశ్నను తప్పించుకుంటాడు. జారిపోయిన ఆ జవాబును పట్టుకుని మళ్లీ అడిగేవాళ్లే యాంకర్లు. 2012 మే 9న బరాక్ ఒబామా ముందు కూర్చుని, స్వలింగ వివాహాలకు మీరింకా వ్యతిరేకమేనా అని ఆమె సూటిగా అడిగారు. అప్పటికి చాలాకాలంగా ఆ విషయం మీద తన ఆలోచన మారుతోందంటూ ఒబామా తేల్చకుండా వస్తున్నారు. ఆ రోజు తేల్చారు, ఆ జంటలకు పెళ్లి హక్కు ఉండాలన్నారు. అమెరికా అధ్యక్ష పదవిలో ఉండగా ఆ మాట అన్న మొదటి వ్యక్తి ఆయనే. ప్రశ్నకు ముందు మూడు నిమిషాల ఉపన్యాసం ఇచ్చే మన డిబేట్ యాంకర్లు ఆ వీడియో ఒక్కసారి చూడాలి.

2005 ఆగస్టులో కత్రినా తుపాను ఆమె సొంత తీరాన్నే ఊడ్చేసింది. అక్కణ్నుంచి లైవ్ ఇస్తుండగా స్టూడియోలోంచి చార్లెస్ గిబ్సన్ మీ వాళ్లు ఎలా ఉన్నారని అడిగారు. ఆమె ఏడ్చేశారు. కో-యాంకర్ కుర్చీ ఎక్కి నిండా ఆర్నెల్లు కాలేదు, ఉద్యోగం పోతుందనే అనుకున్నారట. పోలేదు. ఆ కార్యక్రమమే పాస్ క్రిస్టియాన్ పునర్నిర్మాణానికి చేయూతగా నిలబడింది. యాంకర్ ఏడవాలని నేననను. బాధను అరువు తెచ్చుకుని కెమెరాకు చూపించేవాళ్లు మన దగ్గర తక్కువేం లేరు. ఆ కన్నీళ్లు చూపించడానికి తెచ్చుకున్నవి కావు, అందుకే జనం నమ్మారు.

2007లో రొమ్ము క్యాన్సర్. 2012లో ఎండీఎస్ అనే ఎముక మజ్జ జబ్బు. రెండుసార్లూ ఆ సంగతి దాచుకోకుండా ప్రేక్షకులకు తానే చెప్పారు. అక్క శాలీ ఆన్ మజ్జ ఇచ్చారు. ఆవిడా అప్పట్లో న్యూ ఆర్లీన్స్‌లో టీవీ యాంకరే. సెప్టెంబరులో మార్పిడి జరిగితే 2013 ఫిబ్రవరి 20న మళ్లీ అదే కుర్చీలో కూర్చున్నారు. ఓడిన రోజు కూడా మైకు ముందుకు రావాల్సిందేనని ఆటలో నేర్చుకున్నవాళ్లకే అది చేతనవుతుందని నా నమ్మకం.

క్రీడాకారులందరూ మంచి యాంకర్లవుతారని కాదు. భాష కావాలి, పేపరు చదవాలి, రాజ్యాంగం తెలియాలి. అవి ఏడాదిలో నేర్పొచ్చు. లైవ్‌లో తడబడని గుణం నేర్పడమే కష్టం. తెలుగు క్రికెట్ కామెంటరీ ఎమ్మెస్కే ప్రసాద్, వేణుగోపాలరావు లాంటి మాజీ ఆటగాళ్లను పిలిచి కూర్చోబెట్టింది. న్యూస్ చానళ్లు మాత్రం ఆట నుంచి వచ్చిన పిల్లలను బులెటిన్ చివర మిగిలే మూడు నిమిషాలకే పరిమితం చేస్తున్నాయి. ఎడిటర్లకు నా విన్నపం ఒక్కటే. వచ్చే ఆడిషన్‌కు యూనివర్సిటీ జట్లలో కబడ్డీ, వాలీబాల్, బ్యాడ్మింటన్ ఆడిన అమ్మాయిల్ని, అబ్బాయిల్ని కూడా పిలవండి. ప్రాంప్టర్ ఆపేసి, ఓ లైవ్ ఫీడ్ పెట్టి పది నిమిషాలు మాట్లాడమనండి. కనిపించినదాన్ని మించి ఒక్క మాటా చెప్పనివాళ్లకు ఉద్యోగం ఇవ్వండి.