రోడ్డు కొలతల్లో ఒదిగిన తెరచాప పడవ

కారు వెనక ట్రైలర్ మీద లాక్కెళ్లే చిన్న తెరచాప పడవకు కొలతలు రోడ్డు దగ్గరే మొదలవుతాయి. అమెరికాలో ప్రత్యేక అనుమతి లేకుండా రోడ్డెక్కాలంటే వెడల్పు 8 అడుగుల 6 అంగుళాలు దాటకూడదు. మామూలు వాహనం లాగగలిగినంత బరువే ఉండాలి. తెరచాప స్తంభాన్ని పడుకోబెట్టే వీలుండాలి. రేవులోని కాంక్రీటు వాలు చివర ఉండే కాస్త లోతులోనే పడవ తేలాలి. ఈ షరతుల్లో ప్రతిదీ నీళ్ల మీద అక్కరకొచ్చే ఏదో ఒక గుణాన్ని తగ్గించేస్తుంది. ఆ లోటును ఎలా పూడ్చాడన్న దాంట్లోనే రూపకర్త పనితనం తెలుస్తుంది.

అన్నిటికన్నా చిక్కు నిలకడతోనే. గాలి తెరచాపను నెట్టినప్పుడు పడవ పక్కకు ఒరుగుతుంది. దాన్ని మళ్లీ నిలబెట్టేవి రెండు: వెడల్పు, అడుగున ఉండే బరువు. ఒరిగిన వైపు ఎక్కువగా మునగడంతో నీరు ఆ పక్కను పైకి నెడుతుంది; ఇది వెడల్పు వల్ల దొరికే ఆసరా. మొదట్లో గట్టిగానే ఉన్నా, పడవ బాగా వాలిపోయాక అది చాలదు. అడుగు బరువు తీరు వేరు. పడవ నిటారుగా ఉన్నంతసేపూ దాని సాయం తెలియదు, బాగా వాలినప్పుడే ఆదుకుంటుంది. అది ఎంత లోతున ఉంటే అంత మేలు. ట్రైలర్ పడవకేమో వెడల్పూ లోతూ రెండూ కరువే.

ఫ్రాంక్ బట్లర్ 1969లో తెచ్చిన కాటలీనా 22 దీనికి మడిచే కీల్‌తో, అంటే అడుగున నీటిలోకి దిగే బరువైన రెక్కతో, జవాబు చెప్పింది. సుమారు 250 కిలోల పోత ఇనుప కీల్‌ను ముందు కొసన ఇరుసుకు తగిలించి, క్యాబిన్‌లోని వించ్‌తో ఉక్కు తీగ సాయంతో ఎత్తుతారు, దించుతారు. దించితే పడవకు 5 అడుగుల నీరు కావాలి, ఎత్తేస్తే 2 అడుగులు చాలు. ఎత్తిన కీల్ పడవ కిందే ఉండిపోతుంది కాబట్టి క్యాబిన్‌లో చోటు పోదు. అయితే పడవ ట్రైలర్ మీద ఎత్తుగా కూర్చుంటుంది, దించడానికి కాస్త లోతైన రేవు కావాలి. ఉప్పునీటిలో తీగ తుప్పు పడుతుంది, ఇరుసు అరుగుతుంది. వీటిని చూసుకోని యజమాని ఎప్పుడో ఒకప్పుడు కీల్‌ను జారవిడుచుకుంటాడు. ఈ రకం పడవలు 15 వేలకు పైగా తయారయ్యాయి.

రోజర్ మెక్‌గ్రెగర్ 26 అడుగుల పడవల్లో ఇనుముకు బదులు నీటినే బరువుగా వాడాడు. పడవను దించాక అడుగు ట్యాంకు నింపుతారు, ట్రైలర్ ఎక్కించాక ఖాళీ చేస్తారు. ఇలా 500 కిలోలకు పైగా బరువు రోడ్డు మీద మోయాల్సిన పని తప్పుతుంది. బావిలో మునిగిన బిందె నీటిమట్టం దాటి పైకి వచ్చాకే బరువెక్కినట్టు, ఈ ట్యాంకు కూడా పడవ ఒరిగి అందులో కొంత భాగం మట్టం దాటినప్పుడే పని మొదలుపెడుతుంది. అందుకే ఇలాంటి పడవలు చిన్న గాలికే కొంత తొందరగా వాలి, ఆ తర్వాత నిలదొక్కుకుంటాయి. ట్యాంకు ఖాళీగా ఉండగా తెరచాప ఎత్తితే మాత్రం ప్రమాదమే.

బ్రిటిష్ నౌకాదళంలో పనిచేసిన జాన్ వాట్కిన్సన్ 1960ల్లో రూపొందించిన డ్రాస్కోంబ్ లగర్‌ది మరో దారి. 18 అడుగుల 9 అంగుళాల ఈ పైకప్పులేని పడవలో బరువు పెంచే బదులు తెరచాపల ఎత్తు తగ్గించాడు. మూడు చిన్న తెరచాపలుంటాయి. గాలి ముదిరితే నడిమి దాన్ని దించేసి, ముందూ వెనకా ఉన్నవాటితో నెమ్మదిగా సాగిపోవచ్చు. స్తంభాలూ కర్రలూ పొట్టివి కాబట్టి పెద్ద హంగామా లేకుండా బిగించుకోవచ్చు. మూడింటిలోనూ తెలివైన పరిష్కారం ఇదే అనిపిస్తుంది; పడుకోవడానికి గది లేకపోవడం దానికి చెల్లించే మూల్యం.

కాటలీనాకైతే దాదాపు 25 అడుగుల స్తంభం ఉంటుంది. అడుగున మడతబందు ఉన్నా, స్తంభాన్ని లేపడానికి అనుభవం కావాలి. రేవు దగ్గర పైన కరెంటు తీగలున్నాయేమో ముందే చూడాలి, ఎందుకంటే అల్యూమినియం స్తంభం తగిలితే ప్రాణం పోతుంది. ఈ బిగింపులకే గంటకు పైగా పడుతుంది కనుక, సాయంత్రపు షికారుకు ఇలాంటి పడవ అంతగా నప్పదు.

క్యాబిన్ ఉన్న పడవల్లోనూ దాని గురించి పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. పడుకోవచ్చు, కూర్చోవచ్చు, చాలావాటిలో నిటారుగా నిలబడలేరు. వేగం నీటిమట్టం దగ్గరి పొడవును బట్టి ఉంటుంది. ఆ పొడవు అడుగుల్లో ఎంతో దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే మామూలుగా అందుకోగల గరిష్ఠ వేగం నాట్లలో వస్తుంది. కాటలీనాకు అది దాదాపు 5.9 నాట్లు, అంటే గంటకు 11 కిలోమీటర్లు.

వేగం ఇంత తక్కువ కాబట్టే ట్రైలర్ విలువ తెలుస్తుంది. నీటి మీద వారం పట్టే దూరాన్ని రోడ్డు మీద ఒక్కరోజులో దాటి, పడవను కొత్త జలాల్లో దించవచ్చు. ఏడాది పొడవునా రేవు అద్దె కట్టనక్కర్లేదు. ఫ్లోరిడా కీస్ లాంటి లోతు తక్కువ చోట్ల పెద్ద పడవలు రాలేని మూలల్లో లంగరు వేయవచ్చు. 1969–70లో డేవిడ్ పైల్ ఒక సహచరుడితో, మార్పులు చేసిన లగర్‌లో ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియా చేరాడు. అది నావికుల నేర్పు. ఈ తరగతి పడవలు ఒడ్డును అంటిపెట్టుకుని తిరగడానికి తయారైనవి.

ప్రయాణం ముగిశాక అసలు శ్రద్ధ ట్రైలర్ మీదే పెట్టాలి. దూరం నుంచి వచ్చి వేడెక్కిన చక్రాలను వెంటనే నీటిలో దించితే లోపలి గాలి కుంచించుకుని, ఉప్పునీటిని బేరింగుల్లోకి లాగేసుకుంటుంది. అందుకే ముందు కాసేపు చల్లారనిచ్చి, బయటికి తీశాక మంచినీటితో కడిగి గ్రీజు పెడతారు.