షేర్ ఆటోలో మూరెడు దూరం

భద్రాచలంలో దుమ్ముగూడెం షేర్ ఆటో ఎక్కినవాళ్లకు తెలుసు, మనిషికీ మనిషికీ మధ్య అంగుళం కూడా మిగలదు. ఆటిజం ఉన్న పిల్లలకు నేను నేర్పే మొదటి పాఠమేమో ఎదుటివాళ్లకు చేతి పొడవంత ఎడంగా ఉండమని! పుస్తకంలో అలాగే ఉంది మరి. ఆ పుస్తకం రాసినవాళ్లు సంతరోజు ఇటు వచ్చి ఉండరు.

రెండో పాఠం కళ్లలోకి చూడటం. పదిహేనేళ్ల కోయ పిల్లాడొకడికి దీన్ని ఆర్నెల్లు నేర్పాను. ముందు నా బొట్టు వంక చూడమన్నాను. అక్కణ్నుంచి మెల్లగా కళ్ల దాకా తెచ్చాను. వాడు సాధించాడు, నేను మురిసిపోయాను. ఆ వారమే ఇంట్లో తాత ఏదో మందలిస్తుంటే, నేర్పింది నేర్పినట్టు ఆయన కళ్లలోకి చూస్తూ నిలబడ్డాడట.

"ఏందిరా, పెద్దోళ్లను అట్ల గుడ్లప్పగించి చూస్తవ్?" అని తాత గట్టిగానే కోప్పడ్డాడు.

వాళ్లమ్మ నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు. పెద్దలు తిడుతుంటే తల దించుకోవడం మన ఇళ్లలో మర్యాద. అది వాడికి ముందే ఉంది, నేనే పోగొట్టాను. ఎందుకు చూడవురా అని మొదట్లో అడిగినప్పుడు వాడు జవాబిచ్చాడు కూడా: "చూస్తే వినపడదు మేడం." నేనే వినిపించుకోలేదు.

ఇలాంటి పిల్లలను చట్టమూ మొదట్లో పట్టించుకోలేదు. 1995 నాటి వికలాంగుల చట్టం చెప్పిన ఏడు వైకల్యాల్లో ఆటిజం లేదు. 2016 చట్టం ఆ జాబితాను 21కి పెంచి దీన్నీ చేర్చింది. కాగితం మీద పేరైతే వచ్చింది. మనిషిని అర్థం చేసుకోవడం వేరే పని. తానూ ఆటిజం ఉన్నవాడే అయిన బ్రిటన్ పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012లో ఒక మాటన్నాడు: ఆటిజం ఉన్నవాళ్లకు మనం ఎంత అర్థం కామో, మనకు వాళ్లూ అంతే అర్థం కారని. తరగతి మాత్రం ఒక వైపువాళ్లకే పెడుతున్నాం.

ఇప్పుడు కళ్ల పాఠం మానేశాను. ఆటోలో ఒళ్లో సంచీ అడ్డం పెట్టుకోవడం ఆ పిల్లాడే కనిపెట్టాడు, మిగతా పిల్లలకు అదే నేర్పుతున్నాను. మోత భరించలేనప్పుడు వాడు చొక్కా కాలరు పిడికిట్లో నలుపుతాడు. ఈ సంగతి రోజూ తీసుకెళ్లే ఆటో అబ్బాయికి చెప్పాను. "సరే మేడం" అన్నాడు, ఫోను చూసుకుంటూ.

మొన్న నేనూ అదే ఆటో ఎక్కాను. పాట హోరెత్తిపోతోంది. పిల్లాడి చెయ్యి కాలరు మీదికి పోయింది. ఆటో అబ్బాయి అద్దంలో చూసి పాట కట్టేశాడు. వెనక సీట్లో ఒకాయన "మంచి పాటరా బాబూ" అని గొణిగాడు.