ట్రూరో ఎక్కని ముత్తాతలు

పూర్వీకుల ఊరు ఏదో చూసిపెట్టమని డర్బన్ నుంచి నాకు రాసేవాళ్లలో చాలామంది ఒక మాట మాత్రం ఢంకా బజాయించి చెబుతారు: మా ముత్తాత ట్రూరోలో వచ్చాడు. మద్రాసులో బయల్దేరి 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని నేటాల్ చేరిన మొదటి కూలీల ఓడ అది. అందులో వచ్చింది 342 మంది. 1911లో వలస ఆగిపోయేనాటికి అక్కడ దిగినవాళ్లు లక్షన్నర పైచిలుకు. ఇంతమంది సంతతికి ఆ ఒక్క ఓడ ఎక్కడ చాలుతుంది! కానీ మొదటి ఓడ అంటే పరువు. అందుకే ఏ వంశవృక్షం చూసినా నాకు ముందు అనుమానం వచ్చేది అందరూ గొప్పగా చెప్పుకునే పేరు మీదే.

పేరు పట్టుకుని వెతికితే దారి తప్పడం ఖాయం. ఓడ జాబితాలో మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, చివరికి ఒంటిమీది మచ్చలు కూడా రాశారు గానీ ఇంటిపేరుకు గడి పెట్టలేదు. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లినవాళ్లలో అప్పలస్వాములు కొల్లలు. గుమస్తా తన చెవికి వినిపించినట్టు ఇంగ్లీషులో రాసుకున్నాడు. ఒకే మనిషి పేరు మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉంటుంది. వయసు చూసి పోల్చుకుందామంటే అది చాలాసార్లు కంటి అంచనా. ఇక నాయుడు అన్న బిరుదు చూసి కులం తేల్చి, కులాన్ని బట్టి ఊరు కూడా తేల్చేసిన ఘనులున్నారు. ఆ బిరుదు బలిజలకుంది, వెలమలకుంది, కాపులకుంది.

నమ్మదగింది నంబరు. నేటాల్‌లో దిగిన ప్రతి కూలీకి ఒకటి ఇచ్చారు. ఆ తర్వాతి సర్కారు కాగితాల్లో అది మనిషి వెంటే వస్తుంది. ఒక కుటుంబం ట్రూరోలో వచ్చిన ఒకాయన్ని తమ మూలపురుషుడిగా నిలబెట్టుకుంది. కొడుకు పెళ్లి నమోదులో తండ్రి నంబరు దొరికింది. చూస్తే అది చాలా ఏళ్ల తర్వాతి ఓడది. పేరొకటే, మనుషులు ఇద్దరు. ఆ ఇంటి పెద్దావిడకు కోపం వచ్చింది. ఆవిడను తప్పుపట్టలేను. కానీ ఇన్నాళ్లూ వేరొకరి తాతకు దండ వేస్తూ, సొంత తాతను ఎవరికీ కాకుండా చేశాం కదా?

జిల్లా పేర్లు ఇంకో తంటా. కాగితంలో గంజాం అని కనిపించగానే అంతా ఒడిశాకు పరుగెత్తుతారు. 1936 దాకా ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి, చివరికి శ్రీకాకుళం పట్టణం కూడా గంజాం జిల్లాలోవే. నార్త్ ఆర్కాట్ అని చూసి, అయితే మనం తమిళులమేనని తీర్మానించుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ జిల్లాకు అప్పట్లో ముఖ్యపట్టణం చిత్తూరు. చిత్తూరు విడి జిల్లా అయింది 1911లో, అంటే సరిగ్గా ఓడలు ఆగిన ఏడాది. మనిషి వెళ్లిన ఏడాది నాటి జిల్లా పటం ముందు పెట్టుకోకుండా ఊరు వెతకడం దండగ.

తప్పు తేలాక పాత పేరును చెరిపేయకండి. ఒక్క గీత కొట్టి, పక్కన ఎందుకు కాదో, ఏ కాగితం చూసి కాదన్నారో రాయండి. చెరిపేస్తే వచ్చే పెళ్లిలో ఎవరో పినతండ్రి పాత పటం తెచ్చి మళ్లీ గోడకు తగిలిస్తాడు.

శ్రీకాకుళం, విశాఖ వైపు పాఠకులకు ఒక మనవి. మా వాళ్లు మీ ఊరేనా అని డర్బన్ నుంచి ఎవరైనా వస్తే భోజనం పెట్టండి, గుడి చూపించండి. పాపం ఇంత దూరం వచ్చారు కదా అని మాత్రం, తెలియకుండా "అవును, మా పెదతాత తమ్ముడే" అనకండి.